చెవితో చదువు జాబితా

ఆకాశవాణిలో బజారు ధరలు చదువువారికి ఒక మెలకువ తెలియును. మిర్చి, పత్తి, కంది అని వరుసగా పలికినంత మాత్రమున చాలదు. ఎచ్చట మొదలు, ఎచ్చట ముగింపు అను సంగతి శ్రోత చెవికి అందవలయును. కాగితముమీద ఆ పనిని చుక్కలు, అంకెలు, పంక్తులు చేయును. మరి చూపు లేని పాఠకునికో?

ఈ ప్రశ్న పాతది. 1829 లో లూయీ బ్రెయిల్ తన చుక్కల లిపిని ఫ్రాన్సున ప్రకటించెను. మనదేశమున పలువిధములుగా నుండిన ఆ లిపి 1951 లో భారతీ బ్రెయిల్ అను ఏకపద్ధతిగా కుదురుకొనగా, తెలుగు అక్షరములకును చుక్కలు స్థిరపడెను. వ్రేలితో తడుముకొను పాఠకుడు పంక్తి మొదలును తానే కనుగొనగలడు. కంప్యూటరు వచ్చిన పిదప వ్రేలి పనిలో చాలభాగము చెవికి సంక్రమించినది. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనమునకు స్క్రీన్ రీడర్ అని పేరు. 2006 లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. ఉచితముగా లభించుచున్నది, తెలుగును సైతము చదువుచున్నది. వెల లేకుండుట పల్లెటూళ్లవారికి చిన్న మేలు కాదు.

అయితే ఈ సాధనము తెరను చూడదు, పుట వెనుకనున్న గుర్తులను చూచును. 1991 లో టిమ్ బెర్నర్స్-లీ వివరించిన తొలి గుర్తులలోనే జాబితాకొకటి, అందలి అంశమునకొకటి యుండెను. అవి యున్నచో "జాబితా, ఏడు అంశములు" అని స్క్రీన్ రీడర్ ముందుగనే చెప్పును. ఎల్ మీట నొక్కి తరువాతి జాబితాకు, ఐ మీట నొక్కి తరువాతి అంశమునకు పోవచ్చును. గుర్తులు విడిచి చిన్నగీతలతో పంక్తులు విరిచిన పుట కంటికి జాబితాయే, చెవికి మాత్రము తెగని వాక్యము.

పల్నాటి నూజెండ్లలో చూపు లేని విద్యార్థి యొకడు దరఖాస్తుకు కావలసిన పత్రముల జాబితాను వినుచున్నాడనుకొందము. అవి ఏడని తెలియక ఐదింటితో ఆగినచో ఒక యేడు పోవును. అక్షరదోషము కంటె ఇది పెద్దదోషమని మా అభిప్రాయము.

జాబితాలను సరియైన గుర్తులతోనే వ్రాయవలెనని 1999 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పినవి. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారము అందరికిని అందవలెనన్నది. ఐనను చిక్కులు తీరలేదు. అందమునకై చుక్కలను దాచివేసినచో, సఫారీతో కూడిన వాయిస్ఓవర్ కొన్ని తావుల జాబితాను జాబితాగా చెప్పుట మానివేయును. అట్టిచోట పుటను కూర్చువారు "ఇది జాబితా" యని రోల్ గుర్తును మరల చేర్చవలసియున్నది.