వైజ్ఞానికకల్పనా ధారావాహికలు - తారతమ్యవివాదము

రెండు కావ్యముల నొకచో నుంచి యేది మేలని విచారించుట మన పండితగోష్ఠులకు క్రొత్త గాదు. మనుచరిత్రము మేలా, వసుచరిత్రము మేలా యను చర్చ యెన్ని తరములుగా సాగుచున్నదో చదువరు లెరుగుదురు. ఇట్టి చర్చయే 20వ శతాబ్ది యుత్తరార్ధమున ఇంగ్లండు, అమెరికా దేశములయందు టెలివిజనులో ప్రదర్శింపబడిన వైజ్ఞానికకల్పనా ధారావాహికలను గూర్చి పుట్టి, నేటికిని శాంతింపక యున్నది. అభిమానులు తమ తమ ధారావాహికలను నెత్తిన బెట్టుకొని యొండొరులతో వాదించుటను విద్వాంసులు పెక్కండ్రు బాలక్రీడగా నెంచి విడిచిరి. అయినను ఈ వివాదమునకు నొక చరిత్ర కలదు. ఆ చరిత్రమును బరిశీలించినచో, తారతమ్యనిర్ణయము చేయువానికి మూలపాఠము చేత నుండవలయు ననియు, పాఠము లేనిచోట కీర్తియే పాఠముయొక్క స్థానమును గైకొను ననియు స్పష్టపడును. ఈ వ్యాసమునందు నిరూపింప నుద్దేశించిన విషయ మిదియే.

వివాదమునకు బాత్రములైన ధారావాహికలలో రెండు ముఖ్యములు. మొదటిది బ్రిటిషు ప్రసారసంస్థ యగు బి.బి.సి. 1963వ సంవత్సరము నవంబరు 23వ తేదీన నారంభించిన 'డాక్టర్ హూ'. కాలమునందును ఆకాశమునందును యథేచ్ఛముగా సంచరించు నొక యజ్ఞాతపురుషు డిందలి నాయకుడు. దీని ప్రథమకథకు దర్శకత్వము వహించిన వారిస్ హుస్సేన్ లక్ష్మణపురి యనబడు లక్నోనగరమున జన్మించినవాడు. నాయకపాత్రధారి మారవలసి వచ్చినపుడు పాత్రయే దేహమును మార్చుకొను ననెడి కల్పన 1966లో ప్రవేశపెట్టబడుటచే ఈ కథకు దీర్ఘాయువు గలిగెను. రెండవది అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1966 సెప్టెంబరు 8వ తేదీన మొదలిడిన 'స్టార్ ట్రెక్'. జీన్ రాడెన్‌బెరీ కల్పించిన ఈ కథలో 23వ శతాబ్దికి జెందిన యొక వ్యోమనౌక నానాజాతులవారితో గూడి తెలియని లోకములను శోధించుచు బోవును.

అమెరికాలో మొదటి పోలిక 'స్టార్ ట్రెక్'కును, అంతకు నొక సంవత్సరము ముందు, అనగా 1965లో, సి.బి.ఎస్. సంస్థ ప్రారంభించిన 'లాస్ట్ ఇన్ స్పేస్'కును నడుమ జరిగెను. అంతరిక్షమున దారి తప్పిన యొక కుటుంబముయొక్క కథ యది. క్రమక్రమముగా హాస్యమువైపునకును బాలరంజనమువైపునకును మొగ్గినది. 'స్టార్ ట్రెక్' అభిమానులు దానిని జూపి, తమ ధారావాహిక ప్రౌఢుల కుద్దేశింపబడిన సాహిత్యమని వాదించిరి. ఈ వాదము నిరాధారము గాదు. థియొడొర్ స్టర్జన్, రిచర్డ్ మాథెసన్, హార్లన్ ఎలిసన్ మొదలగు ప్రసిద్ధ కథకులు దానికి గథలు వ్రాసియుండిరి. వైజ్ఞానికకల్పనా పాఠకుల సమ్మేళనమున నొసగబడు హ్యూగో బహుమానమునకు 1968లో నాటకవిభాగమున నిలిచిన యైదును 'స్టార్ ట్రెక్' భాగములే. అనగా పోలిక రెండు ధారావాహికల నడుమనుండి యొకే ధారావాహికయొక్క భాగముల నడుమకు దిగినది. విమర్శ సూక్ష్మమగుట కిది తొలిగురుతు. ఏ గ్రంథము మేలని యడుగుట సులభము. ఆ గ్రంథమునం దే యాశ్వాసము మేలని యడుగుటకు గ్రంథమును జదివి యుండవలెను.

ఇంతలో ఎన్.బి.సి. సంస్థ ఆ ధారావాహికను నిలిపివేయు నను వార్త పుట్టెను. 1967-68 సంవత్సరముల సంధికాలమున బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు నడపిన ఉద్యమముచే దేశపు నలుమూలలనుండి జాబులు వెల్లువగా వచ్చెను. 1968 మార్చి 1వ తేదీన సంస్థవారు ధారావాహిక కొనసాగు నని ప్రసారముననే ప్రకటింపవలసి వచ్చెను. అయినను మూడవ వత్సరమున దానిని శుక్రవారము రాత్రి పదిగంటలకు త్రోసివేసిరి. 1969 జూన్ 3వ తేదీన 79 భాగములతో నది ముగిసెను. ఇచట జాబులకంటె ముఖ్యమైన ఫలము వేరొకటి కలదు. మూడవ వత్సరము లభించుటచే భాగముల సంఖ్య పెరిగి, స్థానిక ప్రసారకేంద్రములకు దినదినమును పునఃప్రసారము జేసికొనుటకు దగిన సామగ్రి యేర్పడెను. 1970 తరువాత నొక్కొక్క భాగమును బదేపదే చూచినవారు పెక్కండ్రయిరి. ఆ ధారావాహిక కేవల మొక రాత్రి మెరసి పోయిన దృశ్యముగా గాక, మరల మరల జదువదగిన గ్రంథమయ్యెను. 1972 జనవరిలో న్యూయార్కునందు జరిగిన అభిమానసభకు వచ్చినవారిలో అనేకు లీ పునఃప్రసారములచే దయారైన పాఠకులే.

ఇంగ్లండున స్థితి దీనికి విపరీతముగా నుండెను. నటుల సంఘముతోడి యొడంబడికలచే పునఃప్రసారము లరుదు. టేపు మిక్కిలి వెలగల వస్తువు గనుక దానిపై నున్న దృశ్యమును దుడిచి క్రొత్తదృశ్యమును నింపెడివారు. విదేశముల కమ్ముటకై 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై నెత్తిన ప్రతులు గూడ, రంగుల ప్రసారము వచ్చిన పిదప నలుపు తెలుపు చిత్రములకు గిరాకి తగ్గుటచే, పారవేయబడెను. 1960 నుండి 1969 వరకు గల దశాబ్దమున వెలువడిన 'డాక్టర్ హూ' భాగములు 253. వాని మూలటేపులు దాదాపన్నియు నశించెను. 1978 ప్రాంతమున నీ విధ్వంసము నిలిచిన నాటికి నష్టము మిక్కుటమై యుండెను. 1973 మొదలు టార్గెట్ ప్రచురణలుగా వెలువడిన కథాపుస్తకములే పెక్కండ్రు బాలురకు పాతకథలు తెలియుటకు దారియైనవి. కావున 'స్టార్ ట్రెక్' మేలా, 'డాక్టర్ హూ' మేలా యని యిరుదేశములవారును వాదించుకొనినపుడు, వారి చేతులలోని సాధనములు సమానములు గావు. ఒకపక్షమువారికి గ్రంథ మున్నది. రెండవపక్షమువారికి గ్రంథముయొక్క స్మృతి మాత్రమే యున్నది. ఈ భేదమును గమనింపని పోలిక న్యాయమైనది గాదు.

పాఠమంతయు నుభయపక్షములకును లభించినపుడు వివాద మెట్లు పరిణమించునో 1993 నుండి జరిగిన యింకొక చర్చవలన దెలియును. ఆ యేడు జనవరిలో 'స్టార్ ట్రెక్' వంశమునకు జెందిన 'డీప్ స్పేస్ నైన్' ఆరంభమయ్యెను. ఫిబ్రవరి 22వ తేదీన 'బాబిలాన్ ఫైవ్' యొక్క తొలిచిత్రము ప్రసారమయ్యెను. రెండింటికిని రంగస్థలము వ్యోమనౌక గాక యంతరిక్షమున నిలిచియున్న స్థావరమే. 'బాబిలాన్ ఫైవ్' కర్త జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ తన కథాప్రణాళికను 'డీప్ స్పేస్ నైన్' నిర్మించిన పారమౌంటు కంపెనీకే 1989లో జూపియుండుటచే, ఒకటి రెండవదానికి అనుకరణ మను నపవాదము పుట్టెను. అప్పుడే వ్యాపించుచున్న కంప్యూటరు చర్చామండలులలో అభిమానులు తేదీలను, పాత్రలను, సన్నివేశములను వరుసగా బేర్చి వాదించిరి. ఏ కవి ముందు, ఏ కవి వెనుక యని కాలనిర్ణయము జేయు మన పరిశోధకుల పద్ధతియే యిందు గానవచ్చును.

సంవత్సరములు గడచి రెండును పూర్తియైన పిదప వాదము రూపు మారెను. 'బాబిలాన్ ఫైవ్' ఐదేండ్లకు ముందుగానే యేర్పరచుకొన్న యొక కథ. దాని 110 భాగములలో 92 భాగములను స్ట్రజిన్‌స్కీ యొక్కడే రచించెను. 'డీప్ స్పేస్ నైన్' 176 భాగములు గలది, అనేకుల చేతిమీదుగా వ్రాయబడినది. పరపాలననుండి విముక్తమైన బజోర్ అను లోకముయొక్క పునర్జీవనమును మొదట జిత్రించి, క్రమముగా మహాయుద్ధకథగా బెరిగినది. ఒకటి యేకకర్తృకము, పూర్వనిశ్చితము. మరియొకటి బహుకర్తృకము, క్రమవృద్ధము. కవిత్రయ భారతమును జదివిన మనవారి కీ భేదము సులభగ్రాహ్యము. అనుకరణవాదమునకు మూలమైన పోలిక ఆరంభభాగములకు సంబంధించినది. తుదివరకును జూచినవారికి గోచరించినది రచనాపద్ధతుల భేదము. 1996లో రాడెన్‌బెరీ సతియు, 'స్టార్ ట్రెక్' నటియు నగు మేజెల్ బారెట్ 'బాబిలాన్ ఫైవ్' నందొక పాత్రను ధరించుటచే పక్షద్వయముయొక్క వైరమును గొంత శాంతించెను.

ఇక పాఠలోపముచే గలుగు ప్రమాదమునకు రెండు దృష్టాంతములు 'డాక్టర్ హూ' చరిత్రముననే కలవు. 1967 సెప్టెంబరున నాలుగుభాగములుగా వెలువడిన 'సైబర్‌మెన్ సమాధి' కథ తరువాత నశించినది. చిన్ననాడు చూచినవారి జ్ఞాపకములచే దాని కీర్తి యేటేట బెరిగి, ఆ ధారావాహికలోని యుత్తమకృతులలో నొకటిగా జెప్పబడెను. 1991 కడపట హాంకాంగు నగరమున నాలుగు భాగములును దొరకెను. మరుసటి యేడు వీడియో రూపమున వెలువడగా అభిమానులు దానిని జూచిరి. దానియందు భయానకరస ముచితముగా బోషింపబడిన మాట నిజమే. నాయకపాత్రధారి పాట్రిక్ ట్రౌటన్ నటన శ్లాఘ్యమే. కాని కథనమందలి శైథిల్యమును, దాదాపు మాటలే లేని నల్లజాతి సేవకుని పాత్రను మలచిన తీరును గూడ కన్నులకు గట్టినవి. అనుపమాన మనబడినది గుణదోషములు గల మంచి కథ యయ్యెను.

రెండవ దృష్టాంతము దీనికి సరిగా వ్యతిరేకము. 1967 డిసెంబరు మొదలు 1968 జనవరి వరకు ప్రసారమైన 'లోకశత్రువు' అను నారుభాగముల కథలో మూడవభాగ మొక్కటియే మిగిలియుండెను. అందధికభాగము వంటయింటి సంభాషణములతో నిండియుండును. ఆ యొక్కదానిని జూచి కథయంతయు నీరసమని పెక్కండ్రు తీర్మానించిరి. 2013 అక్టోబరున, నైజీరియాలోని జోస్ నగరమునందు తక్కిన యైదుభాగములును దొరకిన వార్త వెల్లడి యయ్యెను. అపుడు తెలిసిన దేమన, ఆ కథ వడిగల రాజకీయకథ యనియు, ట్రౌటన్ నాయకునిగను ప్రతినాయకునిగను ద్విపాత్రాభినయమును మిక్కిలి నేర్పుతో నెరవేర్చె ననియును. కథ మారలేదు. పాఠకుల చేతిలోని పాఠము మారినది. దానితో నిర్ణయము మారినది.

ఒక కథకు లేని గొప్పతనమును, వేరొకకథకు లేని కొరతను గల్పించినది పాఠాభావమే. దొరకిన యొక భాగమును బట్టి సమగ్రమును నిర్ణయించుట యెంత ప్రమాదకరమో యిందు స్పష్టము. ఈ హెచ్చరిక మనకును వర్తించును. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరము వంటి సంకలనగ్రంథములలో నుదాహృతములైన కొలది పద్యములచే మాత్రమే మనకు దెలియు కావ్యము లనేకములు. సంకలనకర్త తన ప్రయోజనమునకు దగిన వర్ణనపద్యములనే యెత్తికొనును. వానిని బట్టి కవి వర్ణనాప్రియు డనుటయు, కథాకథనమునం దసమర్థు డనుటయు వంటయింటి భాగమును జూచి 'లోకశత్రువు'ను దూషించుటతో సమానమే గదా!

అయితే అభిమానుల వివాదము కేవలము వ్యర్థమా? కాదు. 2013 నాటి యా లాభము పిమ్మట గూడ 97 భాగములకు చిత్రము లేకపోయినను, వానియన్నిటి శబ్దము మాత్రము నిలిచియున్నది. ప్రసారసమయమున ఇండ్లయందు టెలివిజను ముందు శబ్దగ్రాహకయంత్రము నుంచి టేపుపై నెక్కించుకొన్న అభిమానుల చలువయే యిది. వారిలో పలువురు నాటికి బాలురు. సంస్థ తన సొత్తును దుడిచివేయుచుండగా బాలురు దానిని రక్షించిరి. మరల వినవలె ననెడి కోరికయే వారిచే నా పని చేయించినది. ఒక కథను వేరొకకథతో బోల్చి వాదింప గోరువాడు మరల మరల దానికడకు బోవక తప్పదు. అట్లు పోవువాడే ప్రతిని సంపాదించును, భాగముల పట్టికలు వ్రాయును, తేదీలను సరిచూచును, లోపించినదానికై దేశాంతరములందు వెదకును. వివాదమునకు పుట్టిన యాసక్తియే పాఠరక్షణమునకు పెట్టుబడి యయ్యెను.

పాఠము దొరకినంతమాత్రమున రుచిభేదము తీరునని చెప్పుటలేదు. 'స్టార్ ట్రెక్' నభిమానించువారును, 'డాక్టర్ హూ' నభిమానించువారును నేటికిని వేర్వేరుగనే యున్నారు, ఉందురు. ఒకరికి క్రమబద్ధమైన సంఘజీవన మిష్టము, వేరొకరికి విచ్చలవిడి సంచారి యిష్టము. అట్టి భేదము సహృదయత్వమునకు హానికరము గాదు. హానికరమైనది చూడనిదానిని చూచినట్లు తీర్పుచెప్పుట. విద్యార్థులకు బాఠశాలలయందు కావ్యతారతమ్యమును బోధించు పండితులు, ఈ కావ్యము మేలు, ఆ కావ్యము తక్కువ యని చెప్పుటకు ముందు, రెండును వారిచే గొంతయైనను జదివించుట మంచిది. పిమ్మట వారు వాదించుకొందురు గాక! ఆ వాదమునుండియే రేపటి ప్రతిసంపాదకులు పుట్టవచ్చును.