మైనారిటీ తీరేదెప్పుడు?

మైనారిటీ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో రెండు కాపురాలున్నాయి. ఒకటి దస్తావేజుల్లో, కోర్టు కాగితాల్లో. తండ్రి పోయిన పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండితే మైనారిటీ తీరింది అంటారు. అప్పటినుంచి సంతకం వాడిదే, పొలం వాడిదే, మంచిచెడ్డలూ వాడివే. రెండో కాపురం మా మీద. ముస్లిం అనడానికి మొహమాటపడే పత్రికలు, మంత్రులు, మిత్రులు మమ్మల్ని పిలిచే పేరు అది. పిల్లవాడి మైనారిటీ ఒకనాటికి తీరుతుంది. మా మైనారిటీ తీరే తేదీ ఏ చట్టంలోనూ రాసిలేదు. ఒకే మాట ఈ రెండు పనులూ ఎలా చేస్తున్నదో చూడాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు తిరగెయ్యాలి. అందులో మా చరిత్ర కూడా కొంత బయటపడుతుంది.

లాటిన్‌లో మినోర్ అంటే ఇంకా చిన్నది, మినుస్ అంటే తక్కువ. తీసివేత గుర్తు మైనస్ అక్కడిదే. గంటను ముక్కలు చేస్తే వచ్చే మినిట్, హోటల్లో చేతికిచ్చే మెనూ ఆ కుటుంబానివే. మినిస్టర్ కూడా ఆ ఇంటి బిడ్డే. లాటిన్‌లో దాని అర్థం సేవకుడు, యజమానికంటే తక్కువవాడు. ఆ తక్కువవాడు కాలక్రమంలో మంత్రి అయి గద్దెనెక్కాడు. అతని చుట్టం మైనారిటీ మాత్రం అర్జీ పట్టుకుని అతని గుమ్మంలోనే నిలబడి ఉంది. మాటల తలరాత అవి ఎవరి చేతిలో పడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

దొరలు రాసే అభిప్రాయ పత్రాన్ని కూడా మినిట్ అనేవారు. 1835 ఫిబ్రవరి 2న మెకాలే రాసిన మినిట్ అరబీ, సంస్కృత చదువులకిచ్చే సర్కారు సొమ్మును ఇంగ్లీషు వైపు మళ్ళించమన్నది. 1837లో వచ్చిన చట్టం కంపెనీ కోర్టుల నుంచి, రెవెన్యూ వ్యవహారాల నుంచి పారసీని తప్పించడానికి దారి తెరిచింది. పారసీ నేర్చి బతికినవాడు, హిందువైనా ముస్లిమైనా, చదువురానివాడితో సమానమయ్యాడు. దేశంలో మొదటి జనాభా లెక్కలు 1871-72లో జరిగాయి. అంటే మమ్మల్ని తలలుగా లెక్కపెట్టి తక్కువని తేల్చకముందే మా చదువు తక్కువైపోయింది.

ఇంగ్లీషులో మైనారిటీకి పాత అర్థాల్లో ఒకటి ఈడు రాకపోవడం. పదహారో శతాబ్దం నుంచే అది వాడుకలో ఉంది. తెలుగునేలకు కూడా ఆ మాట ఈ అర్థంతోనే దిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నాటి అయిదో రెగ్యులేషన్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌ను ఏర్పరచింది. జమీందారు చనిపోయి వారసుడు చిన్నవాడైతే ఎస్టేటు ఆ కోర్టు అజమాయిషీలోకి వెళ్ళేది. పిల్లవాడు ఏం చదవాలో, ఎంత ఖర్చు పెట్టాలో దొరలే నిర్ణయించేవారు. ఆ కుర్రాళ్ళ జల్సాల నుంచే మనకు మైనరుబాబు వచ్చాడు, అతని మెడలో మైనరు గొలుసు వచ్చింది. ఊరంతా ఇనాం అయితే మేజరు, ఊళ్ళో కొద్ది ఎకరాలే అయితే మైనరు ఇనాం. మసీదుకు దీపం పెట్టినవాడికి, దర్గా ఊడ్చినవాడికి, ఖాజీకి దక్కిన చెక్కల్లో ఎక్కువ ఈ రెండో రకానివే.

1875 నాటి మెజారిటీ చట్టంలో ఒక తిరకాసు ఉండేది. మామూలు మనిషికి పద్దెనిమిదేళ్ళకే మైనారిటీ తీరుతుంది. కోర్టు సంరక్షకుణ్ణి నియమించినా, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో ఉన్నా ఇరవై ఒక్కటి నిండాలి. సంరక్షకుడు ఉన్నందుకే మైనారిటీ మూడేళ్ళు పెరిగేదన్నమాట. 1999లో గాని ఈ తేడా పోలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మా కథకు ఇది తాళంచెవి.

హైదరాబాదు సంస్థానంలో పాలకుడికే మైనారిటీ ఉండేది. 1866లో పుట్టిన మహబూబ్ అలీఖాన్ మూడేళ్ళు నిండకుండానే 1869లో గద్దెమీద కూర్చున్నాడు. సాలార్‌జంగ్ మొదలైనవారు రీజెంట్లుగా, బ్రిటిష్ రెసిడెంటు కనుసన్నల్లో రాజ్యం నడిచింది. 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ వచ్చి అధికారాలు అప్పగించాకే నవాబుగారి మైనారిటీ తీరింది. ఆ రాజ్యంలో ముస్లింలు నూటికి పన్నెండు, పదమూడు మందికి మించి లేరు. అయినా ఆనాడు మైనారిటీ అంటే కుర్రనవాబు ఈడుకు సంబంధించిన మాటే.

రెండో అర్థం ఓట్ల లెక్కలోంచి పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో సభలో తక్కువ ఓట్లు పడిన పక్షాన్ని మైనారిటీ అనసాగారు. ఈ మైనారిటీలో అవమానం లేదు. ఇవాళ ఓడినవాడు రేపు గెలవొచ్చు. 1991లో తెలుగువాడు పి.వి. నరసింహారావు ఏర్పరచింది మైనారిటీ ప్రభుత్వమే. 1993 జులైలో అవిశ్వాసాన్ని 265-251 ఓట్లతో దాటింది, అయిదేళ్ళూ ఏలింది. ఆ ప్రభుత్వానికి ఎవరూ సంరక్షకుణ్ణి నియమించలేదు. ఆ మైనారిటీ ఏలుబడిలోనే, 1992 డిసెంబర్ 6న, ఈ మైనారిటీ మసీదు కూలిపోయింది. ఒకే మాటను గద్దె మీద ఒకరు, శిథిలాల దగ్గర ఒకరు మోశారు.

మూడో అర్థం మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక గట్టిపడింది. తూర్పు యూరప్‌లో కొత్త సరిహద్దులు గీసినప్పుడు మతం, భాష, జాతి వేరైన జనం గీతకు అటూ ఇటూ ఉండిపోయారు. వాళ్ళ రక్షణకు చేసుకున్న ఒప్పందాల్లో మొదటిది 1919 జూన్ 28న పోలండుతో జరిగింది. ఇక్కడ మైనారిటీ మారే ఓటు కాదు, పుట్టుకతో వచ్చే ముద్ర. మన దేశంలో 1909 సంస్కరణలు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చి ఈ దారి ముందే వేశాయి. ఓటు లెక్కను పుట్టుక లెక్కగా మార్చిన పని అది. దాని ఖరీదు 1947లో రెండు వైపులా సామాన్యులు చెల్లించారు.

తెలంగాణలో ఆ ఖరీదు 1948లో చెల్లింది. అంతకుముందు అనల్ మలిక్ అన్న సిద్ధాంతం ఊరేగింది. ప్రతి ముస్లిమూ పాలకుడేనట. జట్కా తోలేవాడు, దూది ఏకేవాడు, గాజులమ్మేవాడు కూడా రాజేనన్నారు. ఏ రాజ్యం వాళ్ళ గుడిసెకు వచ్చిందో ఎవరూ చూడలేదు. రజాకార్లు ఊళ్ళమీద పడి చేసిన దురాగతాలు వీళ్ళ ఖాతాలో పడ్డాయి. సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు పోలీసు చర్య జరిగింది. ఆ రోజుల్లోనూ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. సంఖ్య అంతకుముందూ నూటికి పన్నెండు, పదమూడే. మారింది మాట అర్థం. నిన్న రాజు అన్నవాణ్ణి ఇవాళ మైనారిటీ అన్నారు. రాజును చేసినప్పుడూ మమ్మల్ని అడగలేదు, మైనరును చేసినప్పుడూ అడగలేదు.

రాజ్యాంగం 29, 30 అధికరణాల్లో మైనారిటీల ప్రస్తావన చేసింది గాని ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. మతం వల్లనైనా, భాష వల్లనైనా మైనారిటీ కావచ్చునన్నది. జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం 1992లో వచ్చింది. 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలను, 2014లో జైనులను ప్రకటించారు. పంజాబ్‌లో హిందూ ఆర్యసమాజికులు మైనారిటీయేనని సుప్రీంకోర్టు 1971లో చెప్పింది. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టే లెక్కించాలని 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ లెక్కన హోసూరులో తెలుగు మాట్లాడేవాడు మైనారిటీ, బళ్ళారిలో తెలుగు మాట్లాడేవాడూ మైనారిటీ. తెలుగుబడి కావాలని అక్కడివారు అడిగితే అది హక్కు. ఉర్దూబడి కావాలని మేం అడిగితే దాన్ని బుజ్జగింపు అంటారు.

ఈ బుజ్జగింపు మాటను కాస్త ఆగి వినండి. తెలుగులో ఎవరిని బుజ్జగిస్తారు? మారాం చేసే పసివాణ్ణి. పెద్దవాళ్ళతో మాట్లాడతారు, బేరమాడతారు, పోట్లాడతారు. ముస్లింలను బుజ్జగిస్తున్నారని తిట్టేవాడూ, ముస్లింలను ఆదుకుంటున్నామని చెప్పుకునేవాడూ మమ్మల్ని పిల్లల్ని చేసే మాట్లాడుతున్నారు. లెక్క గురించిన మాటలోకి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళ బుజ్జగింపులో మా చేతికొచ్చిన మిఠాయి ఏమిటో 2006లో సచార్ కమిటీ చూపింది. ఆస్తి ఎక్కడిదక్కడే ఉన్నా మైనరు బికారి అయ్యాడంటే లెక్క అడగవలసింది సంరక్షకుణ్ణే.

అయితే సంరక్షకులు బయటే లేరు. లోపలా ఉన్నారు. 1985లో షాబానో తీర్పు, 1986లో దానికి విరుగుడుగా చట్టం వచ్చినప్పుడు మతపెద్దలూ, ప్రభుత్వమూ మాట్లాడుకున్నారు. మా ఆడవాళ్ళను మైనర్ల కింద జమకట్టారు. దూదేకులవాళ్ళ నమాజునూ, వాళ్ళ తెలుగునూ తక్కువ చూపు చూసినవాళ్ళు మాలోనే ఉన్నారు. 2007లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఆ జాబితాలో ఫకీర్లు, గారడీ సాయిబులు, అత్తరు సాయిబులు కనిపించారు. అంతకాలం సయ్యద్‌ల, పఠాన్‌ల వెనక నిలబడి వాళ్ళు ఒక్క సంఖ్యగానే లెక్కకొచ్చారు. మైనారిటీ అన్న మాట మమ్మల్ని ముద్దగా చేసి చూపడం బయటివారికి ఎంత సులువో, మా పెద్దలకూ అంత సులువు.

ఉర్దూలో ఈ గందరగోళం లేదు. తక్కువ మంది అంటే అఖలియత్, ఈడు రానివాడు అంటే నాబాలిగ్. ఒకదాన్ని అంటే ఇంకొకటి వినపడదు. తెలుగులో అల్పసంఖ్యాకులు అనుకున్నాం గాని అందులో అల్పుడు దాగి ఉన్నాడు, ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నవాడు. ఇంగ్లీషు మాటలోనేమో పసివాడున్నాడు. ఏ మాట పెట్టుకున్నా ఎవరో ఒకరు మాతోపాటు లోపలికి వస్తున్నారు.

కొత్త పేరు కోసం మేం తగవులాడడం లేదు. 2011 లెక్కల్లో దేశంలో మేం నూటికి 14.2 మందిమి. ఆ లెక్క నిజం, దాన్ని ఒప్పుకుంటాం. లెక్క చిన్నదైనంత మాత్రాన ఈడు రానట్టు కాదు. మా తరఫున సంతకం పెట్టే చేతులను, అవి గడ్డం నిమిరే చేతులైనా, జెండా పట్టే చేతులైనా, మేం నియమించలేదు. లౌకిక మిత్రులు మమ్మల్ని రక్షించే ముందు మాతో వాదించడం నేర్చుకోవాలి. మా పెద్దలు మా పేరు చెప్పే ముందు మా ఆడవాళ్ళనూ, మా దూదేకులవాళ్ళనూ అడగాలి. పొలం మాది, బాకీలూ మావే. దస్తావేజులు మా చేతికివ్వండి.