సరస్వతి, సున్నా, బి సెక్షన్

మొన్న సంక్రాంతికి కోటబొమ్మాళి వెళ్ళినప్పుడు బజార్లో నా టెన్త్ క్లాస్‌మేట్ ఒకడు కలిశాడు. క్లాస్‌మేట్ అనడం పూర్తిగా కరెక్ట్ కాదు లెండి. నేను ఏ సెక్షన్, వాడు బి సెక్షన్. టీ తాగుతూ కూతుర్ని స్కూల్లో వేసే సంగతి చెప్తూ, "మళ్ళీ అదే ఏ, బి గోల... దీన్ని ఎందులో పడేస్తారో ఏటో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

మా స్కూలు పేరు ఇక్కడెందుకులెండి. ఎనిమిదో తరగతి మొదట్లో ఒక్క పరీక్ష పెట్టి మమ్మల్ని రెండు ముక్కలు చేశారు. లెక్కలు బాగా చెప్పే మేస్టారు ఏ సెక్షన్‌కే. మూడేళ్ళలో బి నుంచి ఏకి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అప్పుడు నాకది తప్పుగా అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది, నేను ఏలో ఉన్నా కదా!

ఇదంతా కార్పొరేట్ కాలేజీలు కనిపెట్టిన విద్య అనుకునేవాణ్ణి. కాస్త చదివితే తెలిసింది, రెండొందల ఏళ్ళ కిందటి మన వీధి బడుల్లోనే ఉంది. కాకపోతే వేరే రకంగా.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, మీ మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లని లెక్క అడిగాడు. ఆ కాగితాలన్నీ ధరంపాల్ 1983లో తెచ్చిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' పుస్తకంలో ఉన్నాయి. వాటిలో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన రిపోర్టు తప్పక చదవాల్సింది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఆయన జిల్లాలో 533 బడులు, వాటిలో తెలుగువి 226. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా. అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు... అలా పెరుగుతూ పోతుందన్నమాట. ఆఫీసులో ఇదే పెడితే నా చెయ్యి ఏమయ్యేదో :-)

అసలు విషయం ఆ తర్వాత ఉంది. పిల్లల్ని ఎవరికెంత వచ్చు అన్నదాన్ని బట్టి మామూలుగా నాలుగు తరగతులు చేసేవారు. కింది తరగతుల్ని కొంతవరకు బాగా చదివే పిల్లలే చూసుకునేవారు, పైవాళ్ళని పంతులుగారు చూసేవారు. ఎవడి వేగాన్ని బట్టి వాడు పై తరగతికి వెళ్ళేవాడు. చెప్పే పిల్లాడికి కూడా పాఠం గట్టిపడుతుందని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. జూనియర్‌కి కోడ్ వివరించినప్పుడే మన కోడ్ మనకర్థమవుతుంది కదా, అదే లాజిక్కు.

ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబే అని కూడా రాశాడాయన. ఇంగ్లండుకి ఎలా వెళ్ళిందంటే, 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదిరి వచ్చాడు. ఒక వీధి బడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన దగ్గరా అలాగే చెప్పమంటే అక్కడి ఉపాధ్యాయులు కుదరదన్నారు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అక్షరాల తరగతి అప్పజెప్పాడు. పని జరిగింది! 1797లో లండన్‌లో దీనిమీద పుస్తకం వేశాడు, 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. అందులోనూ పిల్లలు నేర్చుకున్నదాన్ని బట్టి పైకీ కిందకీ కదులుతూనే ఉండేవారు.

ఆ కదలిక తర్వాత తగ్గింది. 1862లో ఇంగ్లండు, ఇన్‌స్పెక్టర్ పరీక్షలో పాసైన పిల్లల్ని లెక్కేసి బడులకి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాల గ్రాంట్లు నడిచాయి. తలకింత అని డబ్బు ముడిపడితే, ఎవడు పాసవుతాడో వాడిమీదే బడి చూపుంటుంది. మా స్కూలు ర్యాంకుల ఫ్లెక్సీ కూడా ఇదే లెక్క.

అలాగని పాత బడి స్వర్గమేం కాదు. మా టెక్కలి వైపు అప్పట్లో గంజాం జిల్లా. మన్రో లెక్కల్లో గంజాంలో 255 బడులు, 2,977 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 12 మంది! నా ఫ్రెండు కూతురికి ఆ రోజుల్లో ఏ, బి అన్న ప్రశ్నే రాదు. గుమ్మం దగ్గరే విడగొట్టేసేవారు.

మరి విడగొట్టడమే తప్పా? అలా అనలేం. కెన్యాలో 2005లో 121 బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని మార్కుల్ని బట్టి రెండుగా చేస్తే, పైవాళ్ళూ కిందవాళ్ళూ ఇద్దరూ మిగతా బడుల పిల్లలకన్నా బాగుపడ్డారు. కిందవాళ్ళకి కూడా ఒక టీచరు దొరికి, వాళ్ళ స్థాయిలో పాఠం చెప్పింది మరి. మన దేశంలో ప్రథమ్ సంస్థ చేసేదీ ఇలాంటిదే. ఏ తరగతి అని చూడకుండా, ఎవరికెంత చదవడం వచ్చో చూసి రోజూ కాసేపు గుంపులుగా కూర్చోబెడతారు, నేర్చుకోగానే పై గుంపుకి మారుస్తారు. క్యాంప్‌బెల్ చూసిన నాలుగు తరగతులే మళ్ళీ!

నాకర్థమైంది ఇంతే. గుంపు చెయ్యడంలో తప్పు లేదు. గుంపుకి తాళం వేసి, మంచి మేస్టార్ని ఒక గదికే ఇవ్వడం తప్పు.

నిన్న వాడికి ఫోన్ చేసి చెప్పాను. స్కూల్లో వేసే ముందు రెండే ప్రశ్నలు అడగరా, బి నుంచి ఏకి ఎన్నాళ్ళకోసారి మారుస్తారు, మంచి టీచరు ఎవరికి చెప్తారు అని.

వాడు కాసేపేం మాట్లాడలేదు. తర్వాత, "ఆ లెక్కల మేస్టారు మాకొక్క నెల చెప్పుంటే..." అని ఆపేశాడు. నేనేం చెప్పాలో తెలీక, పాప పేరేం పెట్టావురా అని అడిగాను. అప్పటిదాకా అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.