గడప దాటు పిలుపు: లినక్స్ తొలి మాక్రోల కథ

బెంగుళూరు, పూనా, చెన్నపట్టణములలో తరతరములుగా నెలకొన్న మన కుటుంబముల పిల్లలు పలువురు నేడు కంప్యూటరు వృత్తియం దున్నారు. వారి నోట లినక్స్ అను పేరు తరచుగా వినుచుందుము. దాని విస్తృతిని వర్ణించువారు చాలమంది కలరు; దాని గడపను గూర్చి చెప్పువారు అరుదు. మే మిచ్చట ఆ గడపను గూర్చియే ముచ్చటింప దలచితిమి.

కంప్యూటరులో నడచు ప్రోగ్రాము డిస్కును గాని తెరను గాని తానై ముట్టరాదు. ఆ యధికారము కెర్నెల్ అను మూలవ్యవస్థది. ఫైలు తెరువవలె నన్నను, అక్షరము వ్రాయవలె నన్నను కెర్నెలును అర్థింపవలెను. ఈ యర్థనకే సిస్టం కాల్ అని పేరు. ఇచ్చట అధికారమే మారవలసియున్నది గనుక, యంత్రమునందే దానికై ప్రత్యేకమైన ఆదేశ మొకటి యుండును. 1964లో ఐ.బి.ఎం. వారు ప్రకటించిన సిస్టం 360 యంత్రములలో అది ఎస్.వి.సి. అను ఆదేశము. ప్రోగ్రామర్లు సామాన్యముగా దానిని నేరుగా వ్రాయక ఓపెన్, గెట్‌మెయిన్ వంటి మాక్రోలను వ్రాసెడివారు. అసెంబ్లరు వానిని విప్పి అసలు ఆదేశములను పరచెడిది. పి.డి.పి. 11 యంత్రముపై యూనిక్సునకు ట్రాప్ అను ఆదేశము ద్వారమయ్యెను.

1991 సెప్టెంబరులో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్స్ 0.01 ఇంటెల్ 386 యంత్రమునకై వ్రాయబడినది. అందులో ద్వారము 128వ సంఖ్యగల అంతరాయము. పిలుపునకొక సంఖ్య కలదు: ఫోర్కునకు 2, రీడునకు 3, రైటునకు 4. ఆ సంఖ్యను ఈ.ఎ.ఎక్స్. రిజిస్టరులోను, వెంటనిచ్చు విలువలను ఈ.బి.ఎక్స్., ఈ.సి.ఎక్స్., ఈ.డి.ఎక్స్. లలోను ఉంచి తలుపు తట్టవలెను. ఇంట తెలుగును, కచేరిలో కన్నడమునో అరవమునో పలుకు మనకు గడపకడ మాట మార్చుకొనుట వింతగాదు. ఆ పనిని ఇచ్చట నాలుగు మాక్రోలు చేసినవి. విలువ లేనిదానికొకటి, ఒకటి రెండు మూడు విలువలున్న వానికి తక్కినవి. పిలుపు పేరును, విలువల జాతిని చెప్పిన చాలును. లోపల ఒక్క అసెంబ్లీ పంక్తిగల సి ఫంక్షను సిద్ధమగును. ఫైలు లేనిచో కెర్నెలు ఋణ సంఖ్య 2ను తిరిగి యిచ్చును. మాక్రో ఆ 2ను ఎర్ర్‌నో అను చోట దాచి, ప్రోగ్రామునకు ఋణ సంఖ్య 1ని అందించును.

ఇంతవరకు సౌకర్యమే. కాని ఒకచోట ఈ మాక్రో లేనిదే వ్యవస్థ లేచి నిలువజాలదు. అది ఫోర్క్. ఇది నడచుచున్న పనిని తల్లి, పిల్ల యని రెండుగా చీల్చును. ఇరువురును ఒకే జ్ఞాపకమును పంచుకొందురు. ఎవరైన వ్రాయబోయినప్పుడే వారికి వేరు ప్రతి కల్పింపబడును. అయితే మొట్టమొదటి పని కెర్నెలు స్థలముననే పుట్టినది గనుక అచ్చట తల్లి వ్రాతకు ఈ కాపు లేదు. తల్లి వ్రాసినది పిల్లకును కనబడును. తిరిగి రావలసిన చోటులను వ్రాసికొను చిట్టాయే స్టాకు. ఫోర్కును మామూలు ఫంక్షనుగా పిలిచినచో తిరుగు చోటు ఆ చిట్టాకెక్కును. తల్లి ముందుగా తిరిగివచ్చి, పాజ్ అను మరియొక ఫంక్షనును పిలిచి, ఆ గీతపైననే వేరు చోటు వ్రాయును. పిల్ల వంతు వచ్చినప్పుడు దానికి దారి తప్పును. కావుననే ఫోర్క్, పాజ్ రెండును పిలువబడక, మాక్రో మూలమున ప్రధాన ఫంక్షనులోనే పరచబడినవి. చిట్టాను ముట్టుటయే లేదు. మా దృష్టిలో ఆ తొలి ప్రతి యంతటను ఇంతకంటె నేర్పుగల చోటు మరియొకటి లేదు.

పిమ్మట చిక్కులు వచ్చినవి. పంచుకొను లైబ్రరీలు ఈ.బి.ఎక్స్.ను తమ సొంతపనికై పట్టియుంచుటచే, ఈ మాక్రోలు వానిలో ఇముడవయ్యెను. 2006లో వెలువడిన 2.6.18వ కెర్నెలు నాటినుండి ప్రోగ్రాములకిచ్చు శీర్షిక ఫైళ్లనుండి వీనిని తొలగించిరి. ఆ పనికి సి లైబ్రరీలోని సిస్‌కాల్ అను ఫంక్షనును వాడుకొనుడనిరి. 64 బిట్ల యంత్రములకు ద్వారపు ఆదేశమును మారినది, సంఖ్యలును మారినవి: అచ్చట రైట్ 1, ఫోర్క్ 57. కాని 32 బిట్ల ఇంటెల్ లినక్సులో ఫోర్క్ నేటికిని 2, రైట్ నేటికిని 4.