పానా పట్టిన చేతుల చరిత్ర

1955లో మద్రాసుల బుల్లెట్ తయారీ మొదలైందని పుస్తకాలు చెప్తాయి. ఆ ఇంజన్ని ఊర్లల్ల విప్పి బిగించినోళ్ల చరిత్రను ఎవరు రాసిండ్రు?

హవేలిఘనపూర్‌ల మా పెద్దన్న చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టి మెకానిక్ అయిండు. టైమింగ్ చూసే మీటరు లేదు. పాయింట్ల నడుమ సిగరెట్ కాగితం పెట్టి ఇంజన్ని మెల్లగ తిప్పేటోడు. కాగితం వదులైతే పాయింట్లు విడుతున్నట్టు. ఇది శాస్త్రమే.

కాని క్లచ్ ఊడదీయాలంటే పుల్లర్ కావాలె. అది లేక సుత్తె ఎత్తితే షాఫ్టు దెబ్బతింటది. కనుక పనిముట్లు లేకపోవుడును గొప్పగ పొగడొద్దు. మనోళ్లకు తక్కువైంది తెలివి కాదు, పెట్టుబడి.

1961 అప్రెంటిస్ చట్టం ఫ్యాక్టరీల నేర్చినోనికి సర్టిఫికెట్ దారి చూపింది. చెట్టుకింద నేర్చిన పనికి గుర్తింపునిచ్చే కేంద్ర పథకం చానా ఏండ్ల తర్వాత గాని రాలేదు. అన్నేండ్ల చేతిపనిని, బతికున్నోళ్లను అడిగి, మనమే రాయాలె.