పెలే కొండ, సర్కసు గుడారం

తెలుగునేలమీద రగిలే అగ్నిపర్వతం వొక్కటి కూడా లేదు. అయినా అగ్నిపర్వతం బద్దలు కాని ఉపన్యాసం మన సభల్లో అరుదు. ప్రజల కోపం లావా అయి పారుతుంది, నిద్రపోతున్న కొండ మేలుకుంటుంది, దోపిడీదారు భస్మమైపోతాడు. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల నల్లరేగడి కింద వున్న రాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరాలనాటి లావాయే. కాని యీ ఉపమానం మనకు ఆ రాతినుండి పుట్టలేదు. నవలలనుండి, సినిమాలనుండి వచ్చింది. వాటన్నిటి వెనక పాంపే నగరం కథ, దానిపై పొగలు కక్కే వెసూవియస్ బొమ్మ వున్నాయి. యీ అరువు బొమ్మను నమ్ముకుంటే యేమవుతుందో 1902లో మార్తినీక్ ద్వీపంలో తేలింది.

మార్తినీక్ కరిబియన్ సముద్రంలోని చిన్న ద్వీపం. 1635లో ఫ్రెంచివాళ్లు దాన్ని ఆక్రమించుకుని, ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత చెరకు పండించారు. 1848లో బానిసత్వం రద్దయింది. ఆ తరువాత తోటల యజమానులు 1853 మొదలు మూడు దశాబ్దాలపాటు మన దేశంనుండి దాదాపు 25,000 మందిని ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. పుదుచ్చేరి, కారైక్కాల్ రేవుల్లో ఓడలెక్కిన ఆ జనంలో అధికసంఖ్యాకులు తమిళులు. యీ అందరి చెమటా చక్కెరగా, రమ్ముగా మారి ఓడలకెక్కే రేవు సెయింట్ పియర్. నాటకశాలలు, బాంకులు వున్న ఆ నగరాన్ని ఆ దీవుల పారిస్ అని పొగిడేవారు. దానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, 1,397 మీటర్ల యెత్తున, పెలే కొండ. 1851లో కాస్త బూడిద రాల్చి వూరుకున్న ఆ కొండమీదికి పట్నవాసులు వనభోజనాలకు వెళ్లేవారు.

1902 ఏప్రిల్ చివర కొండ పొగ వదలసాగింది. గంధకపు కంపు, బూడిద వాన. పక్షులూ గుర్రాలూ వీధుల్లో చచ్చిపడ్డాయి. మే 5న కొండమీదినుండి దిగిన బురద వరద గెరేన్ చక్కెర మిల్లును మనుషులతో సహా పూడ్చేసింది. చుట్టుపట్ల పల్లెల జనం మూటలు నెత్తిన పెట్టుకుని నగరంలోకి వస్తున్నారు. గవర్నరు లూయీ మూటే వేసిన విచారణ సంఘం మే 7న తీర్పు చెప్పింది: లోయలు సముద్రంవైపు తెరుచుకుని వున్నాయి గనుక నగరానికి యే భయమూ లేదు. ఆ సంఘంలో వున్న ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు గాస్తాన్ లాండ్, నేపుల్సుకు వెసూవియస్‌వల్ల వున్న ప్రమాదంకన్న మనకు పెలేవల్ల వున్నది యెక్కువ కాదన్నాడు. ఆయన మోసగాడు కాదు. మరునాడు ఆయనా చనిపోయాడు. భార్యతో ఆ వూరికే వచ్చి బసచేసిన గవర్నరూ చనిపోయాడు. వాళ్ల బుర్రలో వున్నది వెసూవియస్ బొమ్మ: యెర్రని లావా యేరులా పారుతుంది, లోయ దొరికితే అటు మళ్లుతుంది, కాళ్లున్నవాడు తప్పించుకుంటాడు.

పెలే తత్వం వేరు. దాని శిలాద్రవం ముదురుపాకంలాగ చిక్కనిది. యేరై పారదు, గొట్టంలోనే బిగుసుకుంటుంది. లోపల చిక్కుకున్న ఆవిరి, వాయువులు వొక్కసారి విడివడినప్పుడు ఆ ద్రవమంతా పొడిపొడి అవుతుంది. బూడిద, రాళ్లు, వాయువులు కలిసి గాలికన్న బరువైన మేఘమై నేలను అంటుకుని వాలువెంట దూకుతాయి. వేగం గంటకు 100 కిలోమీటర్లకు పైన, వేడి కొన్ని వందల డిగ్రీలు. లోయలూ గట్లూ దాన్ని ఆపలేవు. మే 8, క్రీస్తు స్వర్గారోహణ పండుగనాడు, ఉదయం 8 దాటిన రెండు నిమిషాలకు ఆ మేఘం నగరాన్ని కమ్మింది. దాదాపు 28,000 మంది కొద్ది నిమిషాల్లో చనిపోయారు. తరువాత ద్వీపానికి వచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ లక్రవా దీనికి 'మండే మేఘం' అని పేరు పెట్టి, 1904లో గొప్ప గ్రంథం వ్రాశాడు. 79వ సంవత్సరంలో పాంపే ప్రజలను చంపిందీ యిలాంటి మేఘాలేనని నేడు మనకు తెలుసు. అంటే వెసూవియస్ బొమ్మ వెసూవియస్ విషయంలో కూడా అబద్ధమే!

బూడిద చల్లారకముందే వినోదం మొదలయింది. ఆ యేడే పారిస్‌లో జార్జి మెలియేస్ కొండ నమూనా కట్టి, దాన్ని పేల్చి సినిమా తీశాడు. జైలు రాతిగదిలో వొళ్లు కాలి, నాలుగు రోజులకు బయటపడిన సిల్‌బారిస్ అనే నల్లజాతి ఖైదీని బార్నమ్ అండ్ బెయిలీ సర్కసువాళ్లు అమెరికా తీసుకుపోయి, గది నమూనాతో సహా వూరూరా చూపించారు. నగరమంతటిలో బ్రతికింది వీడొక్కడేనని చాటారు. అది అబద్ధం, వూరి అంచున కాపురమున్న లియాన్ కాంపేర్ లియాండ్ర్ అనే చెప్పులు కుట్టేవాడూ బ్రతికాడు. టిక్కెట్లమ్మడానికి వొక్కడైతేనే బాగుంటుంది.

మనవైపువాళ్లకు ప్రీతిపాత్రమైన కథ మరొకటి వుంది. మే 11న రెండవ విడత పోలింగు జరగవలసి వుంది గనుక వోటర్లు పారిపోకుండా గవర్నరు దారులమీద సైనికులను కాపలా పెట్టాడని. దీనికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. పల్లెజనం నగరంలోకి వస్తున్నారని ముందే చెప్పాను. మనకు అనుకూలమైన కథ గనుక తర్కించకుండా వొప్పుకోవడం సర్కసువాడి పద్ధతే.

వలస ప్రభుత్వం నేరం వెతకాలంటే మే 8న కాదు, ఆగస్టు 30న వెతకాలి. మే 20న కొండ మళ్లీ పేలి మిగిలిన గోడలను కూల్చింది. జూలై 9నాటి మండే మేఘాన్ని అండర్సన్, ఫ్లెట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు పడవమీదినుండి కళ్లారా చూశారు. యిక తెలియదనడానికి వీల్లేదు. అయినా శరణార్థుల పోషణ భారం దించుకోవడానికి ప్రభుత్వం వాళ్లను ఉత్తరాది పల్లెలకు తిరిగి పంపింది. ఆగస్టు 30న పెలే మరోసారి పేలింది. మోర్న్ రూజ్, దాని పరిసర గ్రామాలలో 1,000 మందికి పైగా చనిపోయారు. మొదటిసారి చనిపోయినవాళ్లలో గవర్నరు, వ్యాపారులు, పత్రికా సంపాదకుడు వున్నారు. రెండవసారి చనిపోయినవాళ్లు పల్లెజనం. సర్కసు గుడారంలో వాళ్లకు చోటు దొరకలేదు.

కొండకు ఉత్తరాన బాస్ పాయింట్‌లో 1913లో పుట్టిన కవి ఎమే సెజేర్ తన కవిత్వాన్ని పెలేతో పోల్చుకున్నాడు. (ఆయన 1945 నుండి కమ్యూనిస్టు డిప్యూటీ, 1956లో పార్టీకి రాజీనామా యిచ్చాడు. ఆ చర్చ వేరే వ్యాసానికి.) కవి తననుగురించి అలా అనుకోవచ్చు. తిరుగుబాటును అగ్నిపర్వతమన్నప్పుడు మాత్రం అది తనంత తానే పేలుతుందనీ, మనం కాచుకుని కూర్చుంటే చాలుననీ అర్థం వస్తుంది. ఆ కొండ దాపునే జరిగిన సంగతి చూడండి. 1848 మే నెలలో, పారిస్‌లో సంతకమయిన బానిసత్వ రద్దు ఉత్తర్వు యింకా ద్వీపం చేరకముందు, డప్పు వాయించాడని రోమాఁ అనే బానిసను సెయింట్ పియర్‌లో జైల్లో పెట్టారు. తోటల్లోని బానిసలు పనిమాని, గుంపులుగా నగరానికి వచ్చి అతన్ని విడిపించుకున్నారు. మే 22న కాల్పులు జరిగాయి, యిళ్లు తగలబడ్డాయి. మరునాడు గవర్నరు పారిస్ ఓడకోసం చూడకుండా బానిసత్వం రద్దయినట్టు ప్రకటించాడు. పెలే కొండ ఆ రెండు రోజులూ కదలలేదు.