ఇగురు

మౌలాలి నుంచి తార్నాక దాకా ఏ వంటింట్లోనైనా బీరకాయ కూర పొయ్యి మీదుంటే వినబడే మాట, ‘నీళ్లు ఇగిరేదాకా ఉండనీ’. ఇగురు అనే కూర పేరు ఆ క్రియలోంచే పుట్టింది. ఇగరడమంటే ఆవిరై తగ్గిపోవడం. పులుసుకు పులుపు వల్ల, వేపుడుకు వేపడం వల్ల పేర్లొచ్చాయి. ఇగురుకు మాత్రం కూరలోంచి వెళ్లిపోయిన నీటి వల్ల పేరొచ్చింది! చింతిగురు అన్నప్పటి ఇగురు వేరు, అది చిగురు.

బీర, సొర, టమాటా పైనుంచి నీళ్లు అడగవు. ఉప్పు తగలగానే తమ నీళ్లే వదులుతాయి. మూతపెట్టి మగ్గనిచ్చి, ఆనక మూత తీసి ఇగరనివ్వాలి. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం, ఎందుకంటే ఇందులో వార్చి పారబోసేది ఉండదు. సి విటమిన్, బి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి. వేడికి కొంత పోయినా, నీటిలోకి దిగింది కూరలోనే మిగులుతుంది. కూనూరులో 1918లో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కూరలు ఉడికిన నీళ్లు పారబోయొద్దనే చెబుతుంది.